గడ్డి కుక్కిన దూడ

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా గేదె ఈనిన తొమ్మిదో రోజున దూడ చచ్చిపోయింది. ఆ సాయంత్రం నుంచీ గేదె చేపడం మానేసింది. పొదుగు రాయిలా బిగుసుకుపోయింది గానీ చుక్క రాదు. నాయనమ్మ చన్నుల మీద గోరువెచ్చని నీళ్ళు చల్లింది, పొదుగు నిమిరింది, కుడితిలో గుప్పెడు తవుడు ఎక్కువేసింది, 'ఇయ్యవే తల్లీ, మా అమ్మవి కదూ' అని బతిమాలింది. చివరికి ఖాళీ చెంబు బోర్లించి లేచింది. రాత్రంతా గేదె అరుస్తూనే ఉంది.

మూడో రోజు పొద్దున మాదిగపల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చచ్చిన దూడని ఎత్తుకెళ్ళిందీ ఆయనే. ఇప్పుడు దాని తోలులో వరిగడ్డి కుక్కి, కడుపు కింద పురికొసతో కుట్టి, కాళ్ళకి నాలుగు కర్రలు పెట్టి తెచ్చాడు. కళ్ళున్న చోట రెండు చిల్లులు, వాటిలోంచి గడ్డిపోచలు బయటికి పొడుచుకొస్తున్నాయి. నాయనమ్మ దాని వీపుకి తవుడూ ఉప్పునీళ్ళూ కలిపి పూసి గేదె మూతి ముందు నిలబెట్టింది. గేదె వాసన చూసింది. తల వెనక్కి తీసుకుంది. మళ్ళీ వాసన చూసింది. ఆ తర్వాత నాలుక చాపి నాకడం మొదలెట్టింది. చెంబులో మొదటి ధార పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అది దూడ కాదని దానికి తెలీదా నాయనమ్మా?" అనడిగాను.

"తెలీకేమిరా," అంది, పితకడం ఆపకుండా. "నోరు లేదు. అంతే."

మన మాటలు చూడండి. మూగజీవాలు అంటాం, నోరులేని జీవాలు అంటాం. రెండు రాత్రులు ఊరంతటికీ వినబడేలా అరిచిన గేదెకి నోరు లేకపోవడమేమిటి? నోరుంది. మన దాకా వచ్చే మాట లేదు. సరిగ్గా ఈ తేడా దగ్గరే యూరప్ ప్రకృతి పండితులు రెండు మూడు వందల ఏళ్ళు తల పట్టుకు కూచున్నారని చాలా కాలం తర్వాత తెలిసింది. మనిషిని జంతువు నుంచి వేరు చేసేదేమిటని వాళ్ళు రాసినవి కొన్నేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక అనుమానం గట్టిపడింది. ఆ గోడని వాళ్ళు వెతికి కనిపెట్టలేదు. ముందే కట్టుకుని, దానికి తగిన రాళ్ళ కోసం తర్వాత వెతికారు. ఒక రాయి జారిపోతే ఇంకోటి తెచ్చి పెట్టారు. గోడ మాత్రం ఉన్నచోటే ఉంది.

అందరికంటే ముందు మొదలెట్టిన అరిస్టాటిల్ ఈ విషయంలో చాలా నయం. లెస్బోస్ దీవిలో ఉప్పునీటి కయ్య పక్కన కూచుని చేపల్నీ గవ్వపురుగుల్నీ ఓపిగ్గా చూసిన మనిషి. నిటారుగా నిలబడేది మనిషి ఒక్కడే, నవ్వేది మనిషి ఒక్కడే అని ఆయనా అన్నాడు. కానీ ప్రాణం లేనివాటి నుంచి ప్రాణులకి ప్రకృతి కొంచెం కొంచెంగా జరుగుతూ పోతుందనీ, సరిహద్దు ఎక్కడుందో చెప్పడం కష్టమనీ కూడా రాశాడు. ఆ రెండో మాట తర్వాతివాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఇంకో తమాషా ఉంది. రోములో మనిషి శవాన్ని కొయ్యడానికి వీల్లేక గాలెన్ అనే వైద్యుడు ఉత్తర ఆఫ్రికా కోతుల్ని కోసి, అందులో చూసిందే మనిషి శరీరానికీ వర్తింపజేసి రాశాడు. 1543లో వెసాలియస్ అనే శరీరశాస్త్రజ్ఞుడు మనిషి శవాల్ని కోసి తప్పులు బయటపెట్టేదాకా, పదమూడు వందల ఏళ్ళ పాటు యూరప్ వైద్యులు మనిషి గురించి చదివినదాంట్లో సగం కోతి కథే. తేడా అంత కొట్టొచ్చినట్టు ఉంటే అన్నాళ్ళు ఎవరికీ కనబడకపోవడమేమిటో.

గోడకి గట్టి పునాది వేసినవాడు ఫ్రెంచి తత్వవేత్త డేకార్ట్. 1637లో ఆయన అన్నదాని సారాంశం ఇది: జంతువులు యంత్రాలు, గడియారం లాంటివి. చిలక మాటలు పలుకుతుంది కానీ మాట్లాడదు. పుట్టుచెవిటివాళ్ళకి మాట రాకపోయినా సైగలు కల్పించుకుని మనసులో ఉన్నది చెబుతారు. కాబట్టి లోటు నోటిలో లేదు, లోపల ఆలోచించేది లేకపోవడంలో ఉంది. ఇది తెలివైన వాదన, కాదనను. కానీ దాని తోక పట్టుకుని వచ్చింది చూడండి. నేను ఇంటర్ బైపీసీలో ఉన్నప్పుడు ప్రాక్టికల్స్‌లో మత్తిచ్చిన కప్పని మైనపు పలక మీద వెల్లకిలా పెట్టి గుండుసూదులు గుచ్చేవాళ్ళం. ఒకసారి నా కప్ప కాలు లాక్కుంది. నాకు చెమటలు పట్టాయి. మా లెక్చరర్ వచ్చి చూసి, "ఏం కాదు, అది నొప్పి కాదు, రిఫ్లెక్స్" అని వెళ్ళిపోయారు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఆ మాట వినగానే నా టెన్షన్ ఎంత తొందరగా పోయిందో తల్చుకుంటే ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంటుంది. డేకార్ట్ మాట యూరప్‌లో అంత బాగా అమ్ముడుపోవడానికి కారణం అదే అయుంటుంది. అది కత్తి పట్టినవాడి టెన్షన్ తీసేసే మాట.

ఇక నోటి కథ. డచ్చివాళ్ళ బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, బోంటియస్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన పోయాక 1658లో అచ్చయిన పుస్తకంలో ఒరాంగుటాన్ అనే తోకలేని పెద్ద కోతి గురించి జావా జనం చెప్పుకునే మాట ఒకటి రాశాడు. వాటికి మాటలొచ్చట, కానీ మాట్లాడవట. మాట్లాడితే మనుషులు పట్టుకుని పని చేయిస్తారని భయమట. బోంటియస్ దీన్ని నవ్వులాటగానే రాశాడు. నాకైతే ఈ మొత్తం చరిత్రలో ఇంతకంటే తెలివైన సిద్ధాంతం ఇంకోటి కనబడలేదు. నోరు మూసుకుని బతకడం ఎంత సుఖమో గొడ్డు చాకిరీ చేసే ఏ మనిషినడిగినా చెబుతాడు.

1698లో అంగోలా నుంచి ఓడలో ఒక పిల్ల చింపాంజీ లండన్ చేరింది. దారిలో ఎక్కడో పడి దవడకి దెబ్బ తగిలి, అది పుండై, వచ్చిన కొద్ది నెలలకే చచ్చిపోయింది. ఎడ్వర్డ్ టైసన్ అనే డాక్టర్ దాన్ని కోశాడు. లండన్‌లో పిచ్చివాళ్ళని ఉంచే బెత్లెం ఆస్పత్రికి ఆయన వైద్యుడు. 1699లో దాని మీద పుస్తకం వేశాడు. మనిషికి అంత దగ్గరి కోతిని అంత శ్రద్ధగా కోసి చూసినవాళ్ళు అంతకు ముందు లేరు. అది బతికుండగా తాను చూసిందీ, ఓడవాళ్ళు చెప్పిందీ కూడా రాసుకున్నాడు. దానికి బట్టలంటే మోజు. తనంతట తాను తొడుక్కోలేనివి చేతుల్లో పట్టుకుని పక్కవాళ్ళ దగ్గరికి తెచ్చి, తొడగమన్నట్టు ఇచ్చేది. ఒకసారి దానికి మద్యం పట్టించి తాగించారు. ఆ తర్వాత నుంచి ఒక కప్పుకి మించి ముట్టలేదు. (ఈ ఒక్క విషయంలో దానికీ మనకీ తేడా ఉందని ఒప్పుకుంటాను.)

టైసన్ రెండు జాబితాలు వేశాడు. అది మామూలు కోతుల కంటే మనిషినే ఎక్కువగా పోలిన లక్షణాలు 48. మనిషి కంటే కోతులనే ఎక్కువగా పోలినవి 34. గొంతు కోసి చూశాడు, స్వరపేటిక అచ్చం మనిషిదే. కపాలం తెరిచి చూశాడు, మెదడు కూడా అంత దగ్గరి పోలికే. ఇక్కడ ఆగి, 'మరైతే తేడా లేదేమో' అనుకోవాలి కదా. టైసన్ అలా అనుకోలేదు. మాట్లాడే పరికరాలన్నీ ఉన్నా అది మాట్లాడలేదంటే, మాటకి కారణం పరికరం కాదు, అంతకంటే పైదేదో మనిషిలోనే ఉంది అని తేల్చాడు. పరికరాన్ని బట్టే పని అనుకుంటే ఈ జంతువు మనిషే అయిపోవాలి, కాబట్టి అలా అనుకోకూడదు అన్నది ఆయన తర్కం. చదివినప్పుడు నవ్వొచ్చింది. ఎనభై ఏళ్ళు ముందుకెళ్తే నవ్వు ఇంకా పెద్దదవుతుంది.

పీటర్ క్యాంపర్ అనే డచ్చి శరీరశాస్త్రజ్ఞుడు ఒరాంగుటాన్లని కోశాడు. వాటి గొంతులో స్వరపేటికకి అతుక్కుని పెద్ద గాలి సంచులుంటాయి. గాలి వాటిలోకి పోతుంది కాబట్టి మాట పలకడం వీటి వల్ల కాదని 1779లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. చూశారా, మనిషి వేరే, అవి వేరే! టైసన్ కోసింది చింపాంజీని, క్యాంపర్ కోసింది ఒరాంగుటాన్‌ని. అప్పట్లో రెండింటినీ కలిపి ఒకే పేరుతో పిలిచేవాళ్ళు కాబట్టి ఆ గందరగోళం కొంత అర్థం చేసుకోవచ్చు. కానీ అసలు సంగతి అది కాదు. గొంతు మనలాగే ఉంటే, అది మనిషి గొప్పతనానికి రుజువు. గొంతు మనలా లేకపోతే, అదీ మనిషి గొప్పతనానికే రుజువు. బొమ్మ పడితే నాది, బొరుసు పడినా నాదే. తీర్పు ముందే రాసి జేబులో పెట్టుకుని సాక్షుల్ని పిలవడం అంటే ఇదే.

వీళ్ళిద్దరి మధ్య లా మెత్రీ అనే ఫ్రెంచి డాక్టర్ ఒక్కడు వేరే దారి పట్టాడు. చెవిటి పిల్లలకి మాటలు నేర్పే గురువు దగ్గరికి ఒక కుర్ర కోతిని పంపి చూడండి, ఏమవుతుందో చూద్దాం అన్నాడు. కుదురుగా చెప్పాలంటే, జేబులో తీర్పు లేనివాడి మాట అది. ఆయన్ని దేశాల వెంట తరిమారు. అలాంటి ప్రయోగం సైగల భాషతో జరగడానికి 1966 దాకా పట్టింది. అమెరికాలో నెవాడాలో గార్డ్‌నర్ దంపతులు వాషో అనే చింపాంజీకి సైగల భాష నేర్పడం మొదలెట్టారు, అది వందకి పైగా సైగలు నేర్చుకుంది. అది భాషేనా కాదా అన్న తగాదా వేరే ఉంది. గొంతు సంగతి మాత్రం చాలావరకు తేలింది. 2016లో కొందరు శాస్త్రజ్ఞులు బతికున్న కోతి గొంతుని ఎక్స్‌రేలతో కొలిచి, అర్థమయ్యే మాట పలకడానికి ఆ గొంతు సరిపోతుందనీ, దాన్ని ఆడించే మెదడు ఏర్పాటే వేరనీ చూపించారు. అంటే క్యాంపర్ కంటే టైసన్ పరిశీలన నిజానికి దగ్గర.

ఈ గుంపులో నాకు బాగా నచ్చినవాడూ, బాగా చిరాకు తెప్పించినవాడూ ఒక్కడే. లిన్నేయస్. స్వీడన్‌లో పాస్టరు కొడుకు, ప్రాణులన్నిటినీ వర్గాలుగా విడదీసి పేర్లు పెట్టినవాడు. 1735లో వేసిన పుస్తకంలో మనిషిని తీసుకెళ్ళి కోతుల పక్కన, చెట్లకి వేలాడే స్లాత్ అనే జంతువు పక్కన ఒకే వర్గంలో కూచోబెట్టాడు. మిగతా జంతువులకి పళ్ళెన్ని, గోళ్ళెలా ఉంటాయి అని లక్షణాలు రాసి, మనిషి దగ్గరికొచ్చేసరికి 'నిన్ను నువ్వు తెలుసుకో' అని ఒక్క ముక్క రాసి వదిలేశాడు. చాలామంది దీన్ని వేదాంతం అనుకున్నారు. నాకది పరీక్షలో జవాబు తెలియని తెలివైన కుర్రాడు రాసే వాక్యంలా కనబడుతుంది. అలా అనుకోవడానికి ఆధారం ఉంది. తన మీద గొడవ లేచాక 1747 ఫిబ్రవరి 25న గ్మెలిన్ అనే పండితుడికి ఉత్తరం రాశాడు. మనిషికీ కోతికీ మధ్య ప్రకృతి శాస్త్రం ఒప్పుకునే తేడా ఒక్కటి చూపించమని మిమ్మల్నీ, లోకం మొత్తాన్నీ అడుగుతున్నాను, నాకైతే ఒక్కటీ తెలీదు, ఎవరైనా చెబితే బాగుండు అన్నాడు. మనిషిని కోతి అన్నా, కోతిని మనిషి అన్నా మతాచార్యులంతా నా మీద పడతారు, శాస్త్రం ప్రకారమైతే బహుశా నేను అలాగే అనుండాల్సిందేమో అని కూడా రాశాడు. తెలీదు అన్న మాట అంత సూటిగా అన్నవాడు వీళ్ళలో ఇంకొకరు లేరు. ఆయన ఇంట్లో కోతులుండేవి. రోజూ చూసేవాడు. దగ్గర్నుంచి చూసినవాడికి గీత కనబడదు.

1758లో అదే పుస్తకం పదో కూర్పులో ఆయన రెండు పేర్లు పెట్టాడు. అప్పటిదాకా 'నాలుగు కాళ్ళవి' అని పిలిచిన గుంపుకి, పాలిచ్చే రొమ్ములని బట్టి కొత్త పేరు. మనం బళ్ళో చదువుకున్న 'క్షీరదాలు' దాని అనువాదమే. మనిషికి మాత్రం హోమో సేపియన్స్, అంటే వివేకం ఉన్న మనిషి. సైన్సు చరిత్ర రాసేవాళ్ళు ఎత్తిచూపిన విషయమే గానీ ఎన్నిసార్లు తల్చుకున్నా వింతగానే ఉంటుంది: జంతువులతో మనల్ని కలిపే పేరు తల్లి పాల నుంచి వచ్చింది, వాటి నుంచి విడదీసే పేరు తెలివి నుంచి వచ్చింది. మా గేదె, మా నాయనమ్మ ఒక పేరు కింద. ఆ పేర్లు పెట్టిన పండితుడు ఇంకో పేరు కింద.

చిరాకు తెప్పించిందీ ఆ పుస్తకమే. మనిషికీ కోతికీ తేడా తెలీదన్న ఈ పెద్దమనిషి, మనిషికీ మనిషికీ తేడాలు మాత్రం టకటకా రాసేశాడు. ఖండానికొకటి చొప్పున నాలుగు రకాలు. యూరప్‌వాడు తెలివిగా కొత్తవి కనిపెడతాడు, చట్టం ప్రకారం నడుస్తాడు. ఆసియావాడు దిగులు మనిషి, బిర్రబిగుసుకుని ఉంటాడు, అభిప్రాయాల ప్రకారం నడుస్తాడు. (నేనూ, ఇది చదువుతున్న మీరూ అందులోనే.) ఆఫ్రికావాడు సోమరి, బుద్ధిపుట్టినట్టు నడుస్తాడట. వీళ్ళలో ఎంతమందిని ఆయన దగ్గర్నుంచి చూశాడు? తన ఇంటి కోతుల్ని చూసినంత కూడా చూసుండడు. తర్వాత వందేళ్ళు పుర్రెలు కొలిచినవాళ్ళంతా ఈ బాటలోనే నడిచారు. జంతువుకీ మనిషికీ మధ్య గీత గీసే చెయ్యి అక్కడితో ఆగదు. అదే సుద్దముక్కతో మనుషుల మధ్య కూడా గీస్తుంది.

వాళ్ళని అనడం తేలిక. మనం ఏం తక్కువ తిన్నాం? మన దగ్గర గోడకి కిటికీలు ఎక్కువ, ఒప్పుకుంటాను. ఈ జన్మలో మనిషి వచ్చే జన్మలో కుక్క కావచ్చు. శ్రీకాళహస్తి పేరులోనే సాలెపురుగు, పాము, ఏనుగు ఉన్నాయి, మూడింటికీ మోక్షం వచ్చిందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆహార నిద్రా భయ మైథునాలు పశువుకీ మనిషికీ సమానమేనని మన పెద్దలు ఒప్పేసుకున్నారు. ఇదంతా నిజమే. కానీ ఆ గడ్డి దూడ తెచ్చిన పెద్దాయన సంగతి ఇందాక సగమే చెప్పాను. ఆయన మా నాయనమ్మ కంటే పదేళ్ళు పెద్ద. నాయనమ్మ గేదెని 'తల్లీ' అనేది, ఆయన్ని 'ఏరా' అనేది. గేదె కుడితి తొట్టిలో మోచేతుల దాకా చెయ్యి పెట్టి కలిపిన మనిషి, దాహమేస్తోందంటే ఆయనకి చెంబు ఇవ్వలేదు. ఆయన వంగి దోసిలి పడితే పైనుంచి పోసింది. నాయనమ్మ మంచిది. ఆమె గురించి ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. గేదెకి నోరు లేదన్న ఆ రోజే, నోరుండీ ఎత్తని మనిషి ఒకాయన మా దొడ్లో దోసిలి పట్టి నిలబడ్డాడని నాకు తట్టడానికి పాతికేళ్ళు పట్టింది.

తర్వాతి రాళ్ళ గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే కథ మళ్ళీ మళ్ళీ అదే. పై దవడలో ముందు పళ్ళుండే చిన్న ఎముక కోతులకి విడిగా ఉంటుంది, మనిషికి లేదు, అదే తేడా అన్నారు క్యాంపర్, జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు బ్లూమెన్‌బాఖ్. 1784లో కవి గోథే పుర్రెలు ముందేసుకుని కూచుని, మనిషికీ ఆ ఎముక ఉందనీ, అతుక్కుపోయి కనబడదంతేననీ పట్టుకున్నాడు. బంగారం దొరికినా ఇంత సంతోషం ఉండదని స్నేహితుడికి రాశాడు. ఫ్రాన్సులో విక్ దజీర్ అనే వైద్యుడు అంతకు ముందే చూశాడు. తర్వాత రిచర్డ్ ఓవెన్ వచ్చి 1857లో, మెదడు లోపల హిప్పోక్యాంపస్ మైనర్ అనే చిన్న ఉబ్బు మనిషికి మాత్రమే ఉందన్నాడు. హక్స్‌లీ, ఫ్లవర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు వరసబెట్టి కోతి మెదళ్ళు కోసి అది వాటికీ ఉందని చూపించారు. ఓవెన్ తన కాలంలో ఎముకల విద్యలో సాటిలేని మనిషి, చెయ్యి తిరిగినవాడు. అలాంటివాడికి కళ్ళ ముందున్నది కనబడలేదంటే చూపు లోపం అనుకోను. కనబడకూడదని ఉంది.

కనబడినవాడి గురించి చెప్పాలి. 1838 మార్చిలో 29 ఏళ్ళ డార్విన్ లండన్ జూకి వెళ్ళాడు. అక్కడ జెన్నీ అనే ఆడ ఒరాంగుటాన్ ఉంది, కొని తెచ్చి కొద్ది నెలలే అయింది. కాపలా మనిషి దానికి ఆపిల్ పండు చూపించాడు, ఇవ్వలేదు. అది వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటూ, అచ్చం మారాం చేసే పిల్లలా ఏడ్చింది. రెండు మూడుసార్లు అలా అయ్యాక కాపలా మనిషి, "జెన్నీ, ఏడుపాపి బుద్ధిగా ఉంటే పండిస్తాను" అన్నాడు. అది ప్రతి మాటా అర్థమైనట్టే ఏడుపు దిగమింగుకోవడానికి, చిన్నపిల్లలాగే, నానా తంటాలు పడింది. చివరికి ఆపింది, పండు దొరికింది. వెంటనే ఒక్క గెంతులో వాలుకుర్చీ ఎక్కి ఎంతో తృప్తిగా తినడం మొదలెట్టింది. డార్విన్ ఇదంతా అక్క సుసాన్‌కి ఉత్తరంలో రాశాడు. జాతుల పుట్టుక పుస్తకం రావడానికి అప్పటికింకా 21 ఏళ్ళుంది. మనిషికీ పై జంతువులకీ బుద్ధిలో ఉన్న తేడా మోతాదులోనే గానీ రకంలో కాదని ఆయన 1871లో అచ్చులో అన్నాడు. ఆ మాట ఎక్కడ మొదలైందని నన్నడిగితే ఆ వాలుకుర్చీ దగ్గర అంటాను. అదే జూలో 1842లో జెన్నీ పేరే పెట్టిన మరో ఒరాంగుటాన్‌ని చూసి విక్టోరియా రాణి, అది బాధ కలిగించేంతగా, చిరాకు పుట్టేంతగా మనిషిలా ఉందని డైరీలో రాసుకుంది. ఇద్దరూ చూసింది ఒకటే. ఒకరికి సంతోషం, ఇంకొకరికి కడుపులో తిప్పడం.

ఇక్కడ నన్నొక ప్రశ్న అడగొచ్చు. ఏ గేదె బ్లాగు రాస్తోంది బాబూ, ఏ కోతి రాకెట్ ఎక్కించింది, తేడా లేదంటావా? తేడా లేదని నేనెక్కడా అనలేదు. భాష ఉంది, తాత చెప్పింది మనవడికి చేరడం ఉంది, చేరినదాన్ని రాసి దాచడం ఉంది. ఇవి చిన్నవి కావు. నా పేచీ వేరే. చీమకీ గేదెకీ మధ్య తేడా, గేదెకీ మనిషికీ మధ్య తేడా కంటే ఎన్ని రెట్లు ఎక్కువో! అయినా చీమనీ గేదెనీ ఒకే సంచిలో వేసి 'జంతువులు' అని మూతి కట్టేసి, మనల్ని మాత్రం బయట పెట్టుకున్నాం. అది ప్రకృతిలో ఉన్న విభజన అనడమే నాకు మింగుడుపడదు. 'మనిషిని జంతువు నుంచి వేరు చేసేదేమిటి' అన్న ప్రశ్న వెనక ఎప్పుడూ ఇంకో ప్రశ్న నక్కి ఉంటుంది. మనం వాటికి చేసేది చెయ్యొచ్చా? మొదటి దానికి జవాబు దొరికితే రెండోది ఎవరూ అడగరని ఆశ.

రెండోది తనంతట తాను లేచి నిలబడిన చోటు ఒకటుంది. వాలెస్ అనే మనిషి బోర్నియోలో ఉన్నప్పటి సంగతి.

డార్విన్‌తో పాటే, ఆయనకి తెలియకుండానే, ప్రకృతి వరణం (బతకడానికి తగినవే మిగులుతూ జాతులు మారతాయన్న మాట) అన్న ఊహకి చేరుకున్నవాడు వాలెస్. డబ్బున్నవాడు కాదు. అడవుల్లో జంతువుల్ని, పిట్టల్ని, పురుగుల్ని చంపి, తోళ్ళు ఆరబెట్టి, లండన్‌కి పంపి ఆ డబ్బుతో బతికేవాడు. 1855లో సారవాక్‌లో ఒరాంగుటాన్లని వేటాడుతూ ఒక తల్లిని కాల్చాడు. అది చెట్టు మీంచి పడింది. చూస్తే పక్కన బురదలో మొహం ఆనించి ఒక పసికూన. అడుగు పొడవుంటుంది. ఎత్తుకుని తీసుకెళ్తుంటే అది వాలెస్ గడ్డం పట్టుకుని వేలాడింది, విడిపించుకోవడం కష్టమైపోయింది. అక్కడ పాలు లేవు. సీసా బిరడాలోకి పిట్ట ఈక గొట్టం దూర్చి గంజి నీళ్ళు పట్టాడు. చిన్న పెట్టె ఉయ్యాలలా చేసి చాప పరిచాడు. రోజూ స్నానం చేయించి తుడిచి తల దువ్వేవాడు. దువ్వుతున్నంతసేపూ కాళ్ళూ చేతులూ చాపుకుని హాయిగా పడుకునేదట.

దానికి ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకోవాలి. అందుకని వాలెస్ దానికొక తల్లిని తయారు చేశాడు. వెంట్రుకలున్న గేదె తోలు ముక్క తీసుకుని మూటలా చుట్టి, నేలకి అడుగెత్తున వేలాడదీశాడు. గేదె తోలే. మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను. పిల్ల ఆ మూటని కరుచుకుంది. మొదట బాగానే ఉంది. తర్వాత దానికి తల్లి గుర్తొచ్చి, పాల కోసం మూతి పెట్టి అంతా వెతికింది. నోట్లోకి వెంట్రుకలొచ్చాయి. ఒకసారి గొంతుకి అడ్డం పడి ఊపిరాడక పోబోయింది. వాలెస్ ఆ మూట విప్పేశాడు.

మూడు నెలల దగ్గర దగ్గర పెంచాడు. పళ్ళొచ్చాయి. కానీ సరైన తిండి లేక ఎదగలేదు, జ్వరం వచ్చి చచ్చిపోయింది. వాలెస్ బాధపడ్డానని రాశాడు, అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇదంతా ఉన్న ప్రయాణాల పుస్తకం 1869లో వచ్చింది. అదే ఏడు ఏప్రిల్లో ఒక పత్రికలో వ్యాసం రాస్తూ, మనిషి మెదడు మాత్రం ప్రకృతి వరణం వల్ల వచ్చింది కాదు, పై శక్తి ఏదో దాన్ని నడిపించింది అన్నాడు. ఆయన్ని తిట్టబుద్ధి కాదు. అడవి మనుషుల మధ్య ఏళ్ళ తరబడి బతికి, వాళ్ళ మెదడు లండన్ పండితుల మెదడుకి ఏమీ తీసిపోదని గట్టిగా నమ్మినవాడు. మనుషుల మధ్య సుద్దగీతలు చెరిపేసిన చెయ్యే ఇటుపక్క గోడ కట్టింది. డార్విన్ ఆ వ్యాసం పక్కన మార్జిన్‌లో 'కాదు' అని రాసి దాని కింద మూడుసార్లు గీశాడు. అది చదవకముందే, నీ బిడ్డనీ నా బిడ్డనీ మరీ పూర్తిగా చంపెయ్యలేదనే ఆశిస్తాను అని ఉత్తరం కూడా రాశాడు. సిద్ధాంతాన్ని బిడ్డ అన్నాడు.

పిల్ల ఒరాంగుటాన్ పోయాక వాలెస్ అలవాటు ప్రకారం దాని తోలు వొలిచి భద్రం చేశాడు. ఎముకలు శుభ్రం చేస్తుంటే కనబడింది, ఒక చెయ్యీ ఒక కాలూ విరిగి అతుక్కున్నాయి. తల్లితో పాటు చెట్టు మీంచి పడ్డప్పుడు విరిగుంటాయి. పెంచినన్నాళ్ళూ అక్కడ గట్టిగా వాపుల్లా చేతికి తగిలేవట. ఏమిటో అనుకున్నాడు.